రెడ్యా ఎక్కని జీపు

బాన్సువాడ బస్టాండు పక్క టీ హోటల్లో కూర్చున్నవాళ్ళకు చందర్ జీపు కంటే ముందు దాని ఆవిరి కనిపించేది. "అగో, చందర్ చాయ్ మరగబెట్టుకుంట వస్తుండు" అని ఎవరో ఒకరు అనేవారు, తక్కినవాళ్ళు నవ్వేవారు. చందర్ కూడా నవ్వేసి, బానెట్ లేపి, బిందె పట్టుకుని బోరింగు దగ్గరికి పోయేవాడు. మొదట్లో ఆ నవ్వులు అతన్ని ఏమీ చేయలేదు. అవి గుట్టమీద, అతను మనసిచ్చిన లాలి వాళ్ళ తండా దాకా పాకాయని తెలిసిన నాటినుంచే అతనికి అన్నం సయించడం మానేసింది.

నిజానికి జీపు అతనిది కాదు. ఊరి బయట, కాలువ పక్కనున్న క్యాంపులో హరనాథబాబు అని ఒకాయన ఉండేవాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, నిజాంసాగర్ నీళ్ళ కింద భూమి కొనుక్కుని వరి పండిస్తున్న మనిషి. మిలిటరీవాళ్ళు వాడి వాడి, విసుగెత్తి వేలంలో వదిలించుకున్న జీపును ఆయన ముచ్చటపడి తెచ్చుకున్నాడు. దానిచేత దుక్కి ఒక్కటి తప్ప అన్ని పనులూ చేయించాడు. ఎరువు బస్తాలు మోయించాడు, బీర్కూర్ నుంచి నారు కట్టలు తెప్పించాడు, ఆ ఏడు నూర్పిళ్ళప్పుడు గాలి పడిపోతే కళ్ళంలో నిలబెట్టి వడ్లు కూడా తూర్పారబట్టించాడు. "మా ఆయన నాకు కొన్న చీరలకంటే ఆ బండికి కొన్న టైర్లు ఎక్కువ" అని ఆయన భార్య సుబ్బరత్నమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఆ బండికి డ్రైవరు చందర్. తండాలో పుట్టి, చెరుకు లారీ మీద క్లీనరుగా చేరి, స్టీరింగు పట్టడం నేర్చుకున్నవాడు. అతని తండాలో మోటారు తోలడం తెలిసినవాడు అతనొక్కడే. ఆ సంగతి అతను ఎవరితోనూ అనేవాడు కాదు గాని, తల మీద టోపీ కాస్త పక్కకు వాల్చి పెట్టుకునే తీరులో అది అందరికీ తెలిసిపోయేది.

నూర్పిళ్ళు ముగిసిన దగ్గర్నుంచి జీపుకు రోగం పట్టుకుంది. అది కూడా మామూలు రోగం కాదు. నిలబెట్టి ఇంజను నడిపిస్తే పొద్దంతా నడిచినా వేడెక్కదు. రోడ్డెక్కితే చాలు, కాసేపటికే వేడి చూపే ముల్లు ఎర్రగీత మీదకు పోతుంది. వేగం పెంచితే గాలి తగిలి చల్లబడాలి కదా, ఇది ఇంకా మండిపోతుంది. ఏ బండైనా పరిగెత్తితే చల్లబడి, నిలబడితే వేడెక్కుతుంది. ఈ జీపు అన్నీ ఉల్టా చేసేది.

ఇదంతా నవ్వులాటతోనే పోయేది, మధ్యలో రెడ్యా లేకపోతే.

రెడ్యా లాలి తండ్రి. లాలి ఆ ఏడు కోతలకు క్యాంపు పొలాల్లోకి వచ్చింది. కొడవలి పట్టిన చెయ్యి ఆగకుండానే పక్కవాళ్ళను నవ్వించగల పిల్ల. ధాన్యం బస్తాలకోసం వచ్చిన చందర్‌ను మొదటిరోజే, టోపీ ఎండకు పెట్టుకున్నావా, మాకు చూపించడానికి పెట్టుకున్నావా అని అడిగింది. అతను జవాబు వెతుక్కునేలోగా మడి చివరికి వెళ్ళిపోయింది. ఆ జవాబు అతనికి మూడోనాటికి గాని తట్టలేదు, తట్టిన జవాబు కూడా గొప్పదేం కాదు. అయినా లాలి నవ్వింది. కోతలు అయిపోయేసరికి ఇద్దరికీ ఒకరి మనసు ఒకరికి తెలిసిపోయింది. ఇక మిగిలింది పెద్దవాళ్ళు కూర్చుని బెల్లం పంచుకోవడమే. లంబాడాల్లో పిల్లవాడి తరపువాళ్ళు బెల్లం తీసుకుని పిల్ల తండాకు వెళ్తారు. తండా పెద్ద నాయక్ ముందు ఆ బెల్లం పగలగొట్టి అందరూ నోట్లో వేసుకుంటే సంబంధం ఖాయమైనట్టు. ఆ తర్వాత మాట తప్పడమనేది ఉండదు.

ఇలా ఉండగా ఒక సంత రోజున రెడ్యా తన ముసలితల్లికి కంటికి కట్టు కట్టించి బాన్సువాడ దవాఖాన నుంచి తీసుకుపోతున్నాడు. చందర్ చూశాడు. కాబోయే మామ నడిచిపోతుంటే చూసి ఊరుకోగలడా? జీపు ఆపి, ముందు సీటుమీద దుప్పటి నాలుగు మడతలు వేసి ముసలమ్మను కూర్చోబెట్టాడు. రెడ్యా మొహమాటపడుతూనే వెనక ఎక్కాడు. కాలువ తూము దాటి సగం తోవకు వచ్చేసరికి జీపు బుస్సుమని ఆగిపోయింది. చందర్ నీళ్ళు పోశాడు, చల్లారనిచ్చాడు, మళ్ళీ పోశాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. చివరికి రెడ్యా తల్లిని భుజానికి ఆనించుకుని నడిచి వెళ్ళిపోయాడు. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే చందర్‌కు కాస్త తేలికగా ఉండేది.

తరువాత చందర్ తల్లి దేవీబాయి సంబంధం మాట ఎత్తడానికి వెళ్ళినప్పుడు అతను దాచుకున్న మాట బయటపడింది. వాళ్ళ మధ్య నడిచిందంతా వాళ్ళ ఇంటి భాషలోనే, మనకు తెలిసేలా చెప్పుకోవాలంటే రెడ్యా అన్నది ఇది:

"నీ కొడుకు మంచోడే అక్కా. గని నమ్మి ఎక్కితే నన్ను, మా అవ్వను సగం తొవ్వల దింపిండు. రేపు నా బిడ్డను గూడ సగం తొవ్వల దింపడని ఏం భరోసా?"

రెడ్యా కాదనలేదు, ఔననలేదు. హోలీకి ముందు నాయక్ సేవ్యా దగ్గర కూర్చుందాం, మీరు బెల్లం తీసుకుని ఆ జీపులోనే రండి అన్నాడు. తోవలో ఎక్కడా ఆగకుండా, దానికి నీళ్ళు తాపకుండా గుట్టెక్కి వస్తే బెల్లం పగలగొడదాం, ఆగితే ఆగినచోటి నుంచే తిరిగి వెళ్ళిపోండి అన్నాడు.

ఆ మాట విన్నాక చందర్ బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఉండే మోతీరాంను పట్టుకున్నాడు. దెగ్లూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మెకానిక్. కోపం వస్తే మరాఠీలో, ఆకలేస్తే తెలుగులో మాట్లాడేవాడు. ఆయన ముందు, ఇంజను నీళ్ళను చల్లబరిచే రేడియేటర్ దించి లోపల కడిగాడు. కాలువ బురద ఒక తట్టెడు వచ్చింది. రోగం దొరికిందని ఇద్దరూ మిర్చి బజ్జీలు తిన్నారు. మర్నాడు జీపు యథాప్రకారం మరిగింది. తరువాత లోపల నీళ్ళ దారి తెరిచి మూసే థర్మోస్టాట్‌ను పీకి పారేశాడు. మరిగింది. ఫ్యాన్ బెల్టు కొత్తది వేసి వీణతీగలా బిగించాడు. మరిగింది. వాటర్ పంపు మార్చాడు. మరిగింది. ఇంజను తల విప్పి గ్యాస్కెట్ మార్చిన రోజున మోతీరాం చేతులు తుడుచుకుంటూ మరాఠీలో చాలాసేపు మాట్లాడాడు, అందులో జీపును పొగిడిన మాట ఒక్కటీ ఉన్నట్టు లేదు.

హరనాథబాబు కూడా ఊరుకోలేదు. రుద్రూర్‌లో తెలిసినవాళ్ళను అడిగొచ్చి రేడియేటర్‌లో చాకలి సోడా పోయించాడు. సుబ్బరత్నమ్మ అయితే ఇత్తడి బిందెలు తోమినట్టు తోమితే సరి అని చింతపండు పులుసు పోయమంది. అదీ పోశారు. ఆ రోజు జీపు పోయిన దారంతా చారు వాసన కొట్టింది, క్యాంపులో పిల్లలు దాని వెనక పరిగెత్తారు. చందర్ మాత్రం ఎవరూ చూడకుండా పాకలో కూర్చుని మోకాళ్ళమీద తల పెట్టుకున్నాడు. డ్రైవరు పని పోతే ఇంకో పని దొరుకుతుంది. లాలి పోతే లాలి దొరకదు కదా అనుకున్నాడు.

చెప్పిన రోజు రానే వచ్చింది. హరనాథబాబు జీపు ఇచ్చి, దేవుడికి దణ్ణం కూడా పెట్టాడు. దేవీబాయి అద్దాల రవిక తొడుక్కుని, బెల్లం ముద్ద గుడ్డలో కట్టి ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది. చందర్ మేనమామ, తండా పెద్దలిద్దరు వెనక ఎక్కారు. బిందె పెట్టుకోవడం అలవాటయిన చందర్ ఆ రోజు కావాలనే దాన్ని ఇంటి దగ్గర వదిలేశాడు. ఉంటే చెయ్యి ఊరుకోదని భయం.

తూము దాటేసరికి ముల్లు లేవడం మొదలుపెట్టింది. చందర్ గుండె కూడా దాంతోపాటే లేచింది. వేగం తగ్గించాడు, పెంచాడు, లోపల్లోపల మొక్కుకున్నాడు. కాలువ గట్టు తోవ ఇరుకు, రెండు బళ్ళు ఎదురైతే ఒకటి వెనక్కి పోవలసిందే. సరిగ్గా ఎర్రగీత దగ్గర పడుతుండగా ఎదురుగా చెరుకు బళ్ళ వరుస వచ్చింది. చెరుకు నిండిన ఎడ్లబండి వెనక్కి పోదు, పొమ్మనడం మర్యాద కూడా కాదు. తోవ వెడల్పైన చోటుకు చాలా దూరం వెనక్కి పోవాలి. ఇక అయిపోయిందనుకుని చందర్ రివర్సు గేరు వేశాడు.

మెడ తిప్పి వెనక్కి చూస్తూ తోలుతున్నవాడికి ముల్లు చూసే తీరిక లేదు. వెడల్పు చోటు వచ్చాక, ఎర్రగీత దాటిపోయి ఉంటుందని బిక్కమొహంతో చూశాడు. ముల్లు కిందికి దిగి కూర్చుంది.

చందర్ గాజును వేలితో కొట్టాడు. కదల్లేదు. ఇంజను ఆపకుండానే బళ్ళన్నీ పోనిచ్చి, ముందుకు కొంచెం దూరం పోయి చూశాడు. లేచింది. వెనక్కి వచ్చాడు. దిగింది. పిచ్చి తనకెక్కిందో బండికెక్కిందో తెలియలేదు. వెనక కూర్చున్న పెద్దలు, ముందుకూ వెనక్కూ ఊగడమే తప్ప బండి ఎటూ పోవడం లేదేమిటని గొణుక్కున్నారు. చందర్ తల్లికి సంగతి చెప్పాడు.

దేవీబాయి బెల్లం మూట సర్దుకుంది. "ముందుకు పోతే మండుతదా? అయితే ఎనుకకే పోనీ కొడుకా. ఆగొద్దన్నడు గని మూతి ఏ దిక్కుండాలెనో చెప్పలే కదా."

ఆ వెడల్పు చోటులోనే చందర్ జీపును తిప్పి, దాని వెనక భాగం తండా వైపు పెట్టి, రివర్సులో బయలుదేరాడు. మేనమామ వెనక నిలబడి కుడికి, ఎడమకు అని కేకలు వేస్తుంటే, చందర్ సీటు మీద సగం లేచి మెడ తిప్పుకుని తోలాడు. చెరుకులో నీళ్ళు కడుతున్నవాళ్ళు పారలు వదిలేసి గట్టుమీదకు వచ్చారు. ఒక మేకలాయన ముక్కున వేలేసుకుని మేకల్ని మరచిపోయాడు. జీపు మాత్రం కూతురింటికి పోయే అవ్వలా తాపీగా పోయింది. గుట్ట దగ్గర భయపడ్డాడు గాని, రివర్సు గేరు బలమైనది. గుర్రుమంటూ ఒక్క ఊపున ఎక్కేసింది. ఆగలేదు, నీళ్ళు తాగలేదు.

తండాలో అందరికంటే ముందు పిల్లలకు కనిపించింది. వాళ్ళ అరుపులకు ఆడవాళ్ళు బయటికి వచ్చారు. పెళ్ళిమాటలకు వచ్చేవాళ్ళ ముఖం ముందు కనిపించాలి గాని, ఇదేమిటి, వీపులు వస్తున్నాయి అని ఒకామె అనేసరికి తండా అంతా పగలబడి నవ్వింది. సేవ్యా నాయక్ పెద్దరికం కోసం కాసేపు నవ్వు బిగబట్టి, ఆపైన కుదరక తలపాగా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రెడ్యా ఒక్కడే నవ్వలేదు. చేతులు కట్టుకుని జీపు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

పంచాయితీ జీపు పక్కనే మొదలైంది. ఆగకుండా వచ్చింది కాబట్టి మాట నెగ్గినట్టేనని చందర్ మేనమామ వాదించాడు. జీపు రావడమంటే ముందుకు రావడమేనని, అది పసిపిల్లకు కూడా తెలుసునని రెడ్యా తరపువాళ్ళు అన్నారు. ఇలాంటి తగవు తన తండ్రి నాడు కూడా రాలేదని, ఆలోచించుకోవడానికి ఒక చిలుం కావాలని సేవ్యా అన్నాడు. చందర్ ఇంజను ఆపలేదు, ఆపితే మళ్ళీ లేవదేమోనని దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

అప్పుడే లాలి పెద్దలకు నీళ్ళు పట్టుకుని వచ్చింది. జీపు ముందు నుంచి నడిచిందో లేదో, తలమీది ఓణీ ఎగిరి అంత దూరాన పడింది, చెంబులో నీళ్ళు తొణికాయి. ఆమె ఆగి, జీపు మూతి దగ్గర అరచెయ్యి పెట్టి చూసింది. తరువాత చందర్ వైపు తిరిగింది.

"ఇది ఊపిరి ఇడుస్తనే ఉన్నది గని పీల్చుకుంటలేదేంది?"

చందర్ కళ్ళ ముందు కళ్ళం కనబడింది. గాలి పడిపోయి వడ్లు కుప్పలుగా ఉండిపోయిన రోజు. జీపులో ఇంత పెద్ద ఫ్యాను ఉండగా గాలికోసం ఎదురుచూడడమేమిటని హరనాథబాబు అన్నాడు. ఆ ఫ్యాను ముందునుంచి గాలిని లోపలికి లాగుతుంది, మనకేమో బయటికి ఊదాలి అని చందర్ అన్నాడు. ఫ్యాను విప్పి, కమ్మరి కొలిమిలో దాని రెక్కలు ఎర్రగా కాల్పించి, రెండోవైపుకు మెలి తిప్పించింది తనే. జీపు ముందు నిలబడి చాటతో వడ్లు వదిలితే తాలు ఎగిరి కాలువలో పడింది. పొద్దంతా నడిచినా ఇంజను వేడెక్కలేదు. వేసంగి పంటకు మళ్ళీ అక్కరకొస్తుంది కదా, గాలి ఎటు వీస్తే ఇంజనుకు ఏమిటని అలాగే వదిలేశాడు. బండి ముందుకు పోతుంటే ఎదురుగాలి లోపలికి తోస్తుంది, ఫ్యాను బయటికి తోస్తుంది. రెండూ ఒకదాన్నొకటి ఆపుకుని రేడియేటర్‌కు గాలే తగలదు. మోతీరాం తన పంపులను, గ్యాస్కెట్లను తిట్టుకున్నాడు గాని, తిరుగుతున్న ఫ్యాను ఎటు ఊదుతోందని ఎవడు చూస్తాడు?

చందర్ కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు తుడుచుకుని, పానాలు తీసి ఫ్యాను విప్పాడు. తండావాళ్ళు పంచాయితీ వదిలేసి చెరుకు చెత్త, కట్టెలు తెచ్చి మంట వేశారు. మేనమామ పట్టకారు పట్టాడు, ఇద్దరు పెద్దలు తలొక పానా పట్టారు, చందర్ ఒక్కొక్క రెక్కను మళ్ళీ అసలు వాలుకు మెలి తిప్పాడు. సేవ్యా నాయక్ కూడా చిలుం పక్కన పెట్టి, ఎవరూ అడక్కపోయినా సలహాలు ఇచ్చాడు. పొద్దు వాలకముందే ఫ్యాను దాని చోటికి వచ్చింది. లాలి మళ్ళీ ముందుకు వెళ్ళి ఓణీ అంచు పట్టుకుని చూసింది. ఈసారి అంచు జీపు మూతికి వెళ్ళి అంటుకుంది.

అయినా రెడ్యా అలాగే నిలబడి ఉన్నాడు. బండి బాగైతే బాగైంది, మనిషి మీద నమ్మకం సంగతి వేరు కదా. చందర్ నూనె చేతులు ప్యాంటుకు తుడుచుకుని అతని దగ్గరికి వెళ్ళాడు.

"ఆ దినం నిన్ను సగం తొవ్వల దింపిన మామా. తప్పు నాదే, రెక్కలు తిప్పిచ్చింది నేనే. ఆ మిగిలిన సగం బాకీ ఉన్న. ఎక్కు, బాన్సువాడ దాకా పోయొద్దాం."

రెడ్యా తల్లి వాకిట్లోంచి, ఎక్కరా, నాకు ఆ మెత్తటి సీటు ఇప్పటికీ యాదికొస్తుంది అని అరిచింది. రెడ్యా ఎవరివైపూ చూడకుండా ముందు సీట్లో ఎక్కి, రెండు చేతులతో ఇనుప కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు.

గుట్ట దిగారు. రెడ్యా కళ్ళు ముల్లు మీదే ఉన్నాయి. ముల్లు కదల్లేదు. కాలువ గట్టు ఎక్కారు. చల్లగాలి మొదలైంది, చెరుకు తోటల వాసన వస్తోంది. చందర్ తోవనే చూస్తూ తోలాడు. తూము ఇంకా రాకముందే, ఆ రోజు జీపు ఆగిపోయిన చోటు రాగానే అతను స్టీరింగును గట్టిగా పట్టుకున్నాడు. మామ ఏమంటాడో అనుకుంటుండగా భుజం మీద ఏదో బరువుగా ఆనింది.

రెడ్యా నిద్రపోయాడు. తలపాగా జారి, నోరు కాస్త తెరుచుకుని, చందర్ భుజం మీద తల వాల్చి గురకపెడుతున్నాడు. ఇనుప కడ్డీ ఎప్పుడు వదిలేశాడో, చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి. కాదంటే కూతురి ముఖం ఎలా చూడాలి, ఔనంటే ఎలా పంపాలి అని మనాదితో అతను రాత్రులు కంటి మీద కునుకు వేయలేదని చందర్‌కు తరువాత లాలి చెప్పింది. ఆ క్షణాన అతనికి అదేమీ తెలియదు. నమ్మనన్న మనిషి నిద్రపోయాడు, అంతే తెలుసు. తోవ కాసేపు మసకగా కనిపించింది.

భుజం కదలకుండా, గుంతలు తప్పిస్తూ బాన్సువాడ పోయాడు. టీ హోటలు దగ్గర ఎవరో అలవాటుగా నోరు తెరిచి, ఆవిరి కనిపించక మూసేశారు. లేపడానికి మనసొప్పలేదు. ఇంజను ఆపకుండానే జీపు తిప్పుకుని, వచ్చినంత మెల్లగా మళ్ళీ గుట్టెక్కాడు.

తండా అంతా ఎదురు వచ్చింది. జీపు ఆగాక, ఆ నిశ్శబ్దానికి రెడ్యా ఉలిక్కిపడి లేచి, కళ్ళు నులుముకున్నాడు.

"బాన్సువాడ వచ్చిందా?"

"పోయొచ్చిండ్రు బాపూ" అంది లాలి.

రెడ్యా చుట్టూ చూశాడు. తన గుడిసె, తన తల్లి, మూట పట్టుకుని నిలబడ్డ దేవీబాయి. పక్కన, అతని తల బరువుకు మొద్దుబారిన భుజాన్ని రుద్దుకుంటున్న చందర్. జారిన తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. చుట్టుకునేటప్పుడు అతని పెదవులు వణికాయి, ఆ వెంటనే పొద్దున్నుంచి దాచిపెట్టిన నవ్వంతా ఒక్కసారి బయటికి వచ్చేసింది.

"ఇంకేం చూస్తుండ్రు?" అన్నాడు దేవీబాయితో. "బెల్లం పలగ్గొట్టక్కా. పెద్ద ముక్క పిలగానికియ్యి, అలిసిపోయిండు."